డ్యాష్‌బోర్డు మీద గంగమ్మ

పుంగనూరు వ్యాన్ స్టాండులో శంకరప్ప ఎక్కడని అడిగితే ముందు నవ్వుతారు, ఆ తర్వాత చెయ్యి చూపిస్తారు. అంత పిరికి డ్రైవరు ఈ చుట్టుపక్కల మరొకడు లేడని వాళ్ళ నవ్వు. నిజమే. అయితే ఆ నవ్వినవాళ్ళే తమ ఇంటి ఆడవాళ్ళను మదనపల్లెకు పంపాల్సి వస్తే ఈ పిరికివాడి బండే వెతుక్కుంటూ వస్తారు. లోకం తీరే అంత. ధైర్యవంతుణ్ణి మెచ్చుకుంటుంది, పిరికివాడి బండి ఎక్కుతుంది.

శంకరప్ప పుట్టింది పెద్దపంజాణి పక్కన ఒక చిన్న పల్లెలో. తండ్రి వేరుశనగ చేలల్లో కూలి. మీసం రాకముందే టమాటా లారీల మీద క్లీనరుగా ఎక్కాడు. ఒకసారి ఘాటు దిగుతుండగా ముందు పోతున్న లారీ మలుపు తిరగకుండా నేరుగా లోయలోకి వెళ్ళిపోయింది. ఆ లారీ డ్రైవరు అంతకు కాసేపటి ముందే టీ అంగడి దగ్గర తన బన్నులో సగం తుంచి శంకరప్పకు ఇచ్చాడు. ఆ బన్ను ముక్క ఇంకా అరగకముందే మనిషి లేకుండా పోయాడు. ఆ రోజు శంకరప్ప గుండెలో దూరిన భయం మళ్ళీ బయటికి రాలేదు. అతనితో పాటే పెరిగి, పెళ్ళి చేసుకుని, బిడ్డను కని, తల నెరిసింది.

ఇప్పుడు అతనికో పాత వ్యాను ఉంది, సెకండ్‌హ్యాండులో కొన్నది. రోజూ పొద్దున పుంగనూరులో నర్సులనూ టీచర్లనూ ఎక్కించుకుని మదనపల్లెలో దించుతాడు, సాయంత్రం మళ్ళీ తెస్తాడు. వీళ్ళలో చాలామంది తల్లులు శంకరప్ప తండ్రితో కలిసి చేలల్లో కూలికి పోయినవాళ్ళే. పిల్లలు చదువుకుని నెలజీతాల్లో కుదురుకున్నారు. ఎదురుగా కుక్క కనబడినా బ్రేకు మీద కాలేసే ఈ మనిషిని చూసి వాళ్ళు వెనక కూర్చుని కిసుక్కున నవ్వుకుంటారు, నవ్వుకుంటూనే నిద్రపోతారు. డ్రైవరు మీద నమ్మకం లేకపోతే ఎవరికైనా నిద్ర పడుతుందా?

శంకరప్పకు ఒక్కతే కూతురు, తేజస్విని. కుప్పంలో ఇచ్చారు. అల్లుడు నరేష్ తెల్లవారుజాము రైలుకు బెంగుళూరు పోయి పని చేసి రాత్రికి తిరిగొచ్చే మనిషి. మంచివాడే. తేజస్వినికి రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండుసార్లూ ఆ పిల్లను కుప్పం నుంచి తన వ్యానులోనే పుట్టింటికి తెచ్చుకున్నాడు శంకరప్ప. దారి పొడుగునా ఆ పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. బండి కుదుపులకే పోయిందేమోనని ఎవరో చుట్టాలావిడ నోరు పారేసుకుంది. కాదని డాక్టరు చెప్పింది. కానే కాదని, అతని వ్యానులో వచ్చే నర్సు రూతమ్మ కూడా చెప్పింది. వంద మంది కాదన్నా ఆ ఒక్కావిడ మాటే శంకరప్ప చెవిలో మేకు దిగినట్టు దిగిపోయింది.

మూడోసారి నెల తప్పిందని కుప్పం నుంచి ఫోను వచ్చింది పోయిన ఎండాకాలం చివర. మరునాడు పొద్దున వ్యాను స్టార్టు చేస్తే, స్టీరింగు వెనక ఎప్పుడూ ఆరిపోయే లైట్లన్నీ ఆరిపోయాయి కానీ ఒకటి మాత్రం ఆరలేదు. ఎర్రటి లైటు. అందులో చిన్న బొమ్మ. కూర్చున్న మనిషి, కడుపు ముందర గుండ్రంగా ఇంత ఉండ.

మరొకరైతే బండికేదో రోగం వచ్చిందనుకుంటారు. శంకరప్పకు మాత్రం కడుపుతో కూర్చున్న మనిషి కనబడింది. అదీ రక్తం రంగులో. నిన్న ఫోను, ఈ పొద్దు ఈ బొమ్మ! ఎవరికీ చెప్పలేదు. అడగనూ లేదు. చెడు మాట నోటితో అంటే నిజమవుతుందని అతని తల్లి నేర్పిన పాఠం. భార్య శారదమ్మ అద్దానికి అంటించుకున్న పెద్ద బొట్టుబిళ్ళ ఒకటి పీక్కొచ్చి ఆ లైటు మీద అంటించేశాడు. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి కూడా ఇంత పని చెయ్యదు.

అయినా భయం ఊరుకుంటుందా? గంగమ్మకు మొక్కుకున్నాడు. శారదమ్మ తమ్ముడు చెంగల్రాయుడు కుప్పంలో రాళ్ళు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పని చేస్తాడు. బావ అడిగిందే తడవుగా మిగిలిపోయిన నల్లరాతి ముక్కలో జానెడు గంగమ్మను చెక్కించి తెచ్చాడు. చూడ్డానికి చిన్నదే కానీ రోటి పొత్రమంత బరువు. వెండి కళ్ళు పెట్టించాడు. ఒక శుక్రవారం నిమ్మకాయలు కోసి, కుంకుమ పెట్టి, రాతికి రాయి అతికించే గమ్ముతో అమ్మవారిని డ్యాష్‌బోర్డు మీద ప్రతిష్ఠ చేశారు. సరిగ్గా ఎడమ సీటు ఎదురుగా, ఎందుకంటే తేజస్విని కూర్చునేది అక్కడే.

మూడో నెల దాటింది. అయిదు దాటింది. ప్రతి నెలా శంకరప్పే కూతుర్ని కుప్పం నుంచి మదనపల్లె ఆసుపత్రికి తెచ్చి చూపించి, మళ్ళీ దించి వచ్చేవాడు. ఆ పిల్ల ఎక్కగానే గంగమ్మకు దండం పెట్టుకుని ఎదురుగా కూర్చునేది. ఏడో నెలలో సీమంతం కూడా చేశారు. అమ్మ కాపాడుతోందని రెండిళ్ళలోనూ గట్టి నమ్మకం కుదిరిపోయింది. బొట్టుబిళ్ళ కింద లైటు వెలుగుతూనే ఉంది.

తొమ్మిదో నెల పడ్డాక కూతుర్ని కాన్పుకు పుట్టింటికి తేవడానికి మంచిరోజు చూశారు. దానికి కొన్నాళ్ళ ముందు వెనక సీట్లు నిండిపోయి రూతమ్మ ముందు కూర్చుంది. పాతబడిన బొట్టుబిళ్ళ ఆ పొద్దే ఊడి పడిపోవాలా?

"శంకరప్పా, ఇదేంది ఈ లైటు వెలగతా ఉండాది?"

"ఏం లేదు సిస్టరమ్మా. అదెప్పుడూ ఉండేదే."

"ఎప్పుడూ ఉండేదేందప్పా? అది ఎయిర్‌బ్యాగు లైటు. మా తమ్ముడి కారులోనూ ఇట్లే వెలిగింది. బండి గుద్దుకుంటే బెలూను మాదిరి ఉబ్బి మనిషిని కాపాడతాదే, అది. ఏదో చెడిపోయుండాది."

"బెలూనా?"

"ఆ బొమ్మ సూడు. మనిషి, ముందర బెలూను."

శంకరప్ప చూశాడు. ఇన్ని నెలలుగా తను గుండె ఉగ్గబట్టుకుని దాచిపెట్టింది బెలూను అని తెలిసినా అతనికి నవ్వు రాలేదు. ఒక భయం పోయిన చోట ఇంకో భయానికి తావు దొరికింది, అంతే.

"తేజూ కోసం నేను రోజూ ప్రార్థన చేస్తాండానప్పా" అంది రూతమ్మ. "అట్లని నువ్వు మెకానిక్కు కాడికి పోకుండా ఉండొద్దు. బిడ్డను తెచ్చేలోగా బాగు చేయించు."

స్టాండులో అడిగితే ఇంకో డ్రైవరు, ఆ బెలూను వెనక మందుగుండు ఉంటుందని, చెడిపోతే దానంతటదే మొహం మీద పేలుతుందని చెప్పాడు. అది విన్నప్పటి నుంచి శంకరప్ప స్టీరింగుకు మొహం దూరంగా పెట్టి, మెడ వెనక్కి వంచి బండి తోలాడు. వెనకవాళ్ళు మళ్ళీ నవ్వారు.

పనులన్నీ చివరి రోజుకు తోసుకురావడం భయస్థుల లక్షణం. కూతుర్ని తేవాల్సిన రోజు పొద్దున, నర్సులను మదనపల్లెలో దించి, నేరుగా గంగాధర్ షెడ్డుకు పోయాడు. గంగాధర్ బండ్ల కరెంటు పని చేస్తాడు. స్కానరు తగిలించి చూసి, ఎడమ సీటు బెల్టు వైరులో కరెంటు అందడం లేదని, అందుకే బ్యాగు లైటు వెలుగుతోందని అన్నాడు. బ్యాటరీ వైరు పీకేసి, స్టూలు మీద కూర్చుని బీడీ ముట్టించాడు.

"కూర్చునేసినావేందప్పా? నేను కుప్పం పోవల్ల."

"లోపలుండే కరెంటు దిగిపోనీ అన్నా. తొందరపడితే బ్యాగు మన మొహం మీదనే పేలతాది."

శంకరప్ప పోయి షెడ్డు బయట, రోడ్డుకు అవతల నిలబడ్డాడు.

సీటు కింద తల పెట్టిన గంగాధర్ పసుప్పచ్చ ప్లగ్గు ఒకటి బయటికి లాగి పకపకా నవ్వాడు. ఆ నవ్వు విని శంకరప్ప రోడ్డు దాటి వచ్చాడు. ప్లగ్గు సూదులకు పచ్చటి చిలుము పట్టింది. చిలుములో అంటుకుని ఎండిపోయిన టమాటా గింజలు.

"సెలవుల్లో టమాటా తోలినావా అన్నా?"

తోలాడు. బడులకు సెలవులిచ్చి టీచర్లు రాని రోజుల్లో, నర్సుల ట్రిప్పు అయ్యాక, వెనక సీట్లు మడిచేసి, టమాటా క్రేట్లు మదనపల్లె మార్కెట్టుకు తోలాడు. తన పక్క సీటు మీద కూడా పెట్టాడు. వ్యాను ఉన్న ప్రతివాడూ ఆ నెలల్లో చేసే పనే. కింది క్రేట్లో చితికిన పండ్ల రసం కారి సీటు కిందికి దిగింది.

"మన మదనపల్లె బండ్లకి ఇదే రోగం. బెంగుళూరు మెకానిక్కులు నెత్తి బాదుకున్నా కనుక్కోలేరు" అన్నాడు గంగాధర్. ఏదో మందు కొట్టి, బ్రష్షుతో రుద్ది, సూదులు మెరిసేదాకా తుడిచి, ప్లగ్గు బిగించి కట్టు కట్టాడు. బ్యాటరీ తగిలించి తాళం తిప్పాడు. ఎర్ర లైటు వెలిగింది, ఆరిపోయింది. ఇంజను తిరుగుతూనే ఉంది, లైటు మళ్ళీ రాలేదు. శంకరప్పకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎన్నాళ్ళకు గుండె మీద రాయి దిగింది!

దిగిన రాయి దిగినట్టు ఉండనిస్తేనా. గంగాధర్ అద్దం కింద దుమ్ము తుడవబోయి, చెయ్యి ఆపి, గంగమ్మ వైపు చూశాడు.

"అన్నా, ఈ అమ్మవారిని ఈడ పెట్టమనింది ఎవురు?"

"యాలప్పా, ఏమైంది?"

"ఈ గీత సూడు. ఇది మూత. ఎడమ సీటోళ్ళ బ్యాగు దీని కింద మడిచిపెట్టి ఉంటాది. గుద్దుకున్నప్పుడు కన్ను మూసి తెరిచేలోగా ఈ మూత ఎగదన్నుకోని వస్తాది. దాని మీద ఇంత రాయి ఉంటే..."

"ఉంటే?"

గంగాధర్ ఎడమ సీటు వైపు చూశాడు. "ముందర కూర్చున్నోళ్ళ మీదికే వస్తాదన్నా ఆ రాయి. మొహానికో, కడుపుకో."

శంకరప్ప ఆ సీటును చేత్తో తడిమాడు. "ఇన్నాళ్ళూ నా కూతురు ఆడనే కదప్పా కూర్చునింది!"

"ఇన్నాళ్ళూ లైటు వెలగతా ఉండె. ఈ బండిలో ఆ లైటు వెలిగిందంటే బ్యాగు చచ్చినట్టే లెక్క. ఇప్పుడు బతికించినాము."

అంటే, తండ్రి ఏ లైటును చూసి ఇన్నాళ్ళూ వణికాడో ఆ లైటే కూతురికి అడ్డం నిలబడింది. దాన్ని ఆర్పించింది తనే. కూతురి ఎదురుగా రాయి పెట్టిందీ తనే. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

"పీకేయప్పా. నీకు పుణ్యముంటాది."

"నేనా? ప్రతిష్ఠ చేసిన గంగమ్మనా? నాకూ పిల్లలుండారన్నా." గంగాధర్ రెండడుగులు వెనక్కి వేశాడు. "అతికించినోళ్ళ చేతనే తీయించు. ఉలీ సుత్తీ పెట్టొద్దు, మూత పగలతాది. బ్యాటరీ పీకి, నేను ఆగినట్టే కాసేపు ఆగి, సన్న నైలాన్ దారంతో గమ్మును రంపం మాదిరి కోయాల. అంతవరకూ ముందర సీట్లో ఎవురినీ కూర్చోబెట్టొద్దు. లేదంటే చెప్పు, ప్లగ్గు మళ్ళీ పీకేస్తా."

ప్లగ్గు పీకితే బ్యాగు చచ్చిపోతుంది. దారిలో ఏదైనా అయితే కూతుర్ని కాపాడే బెలూను ఉండదు. ప్లగ్గు ఉంచితే రాయి ఉంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. శంకరప్ప ఏదీ తేల్చుకోలేక, "ఉండనీలే, మా బామ్మర్దితో తీయిస్తా" అని బండెక్కాడు.

పలమనేరు దాటి, వి.కోట దాటి కుప్పం చేరేదాకా ఆ వెండి కళ్ళ వైపు చూడలేకపోయాడు. చూడకపోయినా అవి చూస్తున్నట్టే ఉంది. తల్లీ, నీ తప్పేం లేదు, నాదే బుద్ధి తక్కువ అని దారంతా గొణిగాడు.

ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చిన చెంగల్రాయుడు తల నుంచి కాళ్ళదాకా తెల్లటి రాతిపొడితో ఉన్నాడు. సంగతంతా విన్నాడు. విని చెవులు మూసుకున్నాడు.

"నీకేమన్నా మతి పోయిందా బావా? కడుపుతో ఉండే బిడ్డ బండెక్కే పూట అమ్మను పీకేదా? విన్నోళ్ళు మన మొహాన ఉమ్ముతారు. కాన్పు కానీ, నేనే వచ్చి తీస్తా. ఈ పొద్దుకి తేజూను వెనక కూర్చోబెట్టుకోని పో."

అదీ నిజమే కదా, వెనక కూర్చోబెడితే సరిపోతుంది కదా అని శంకరప్ప కాస్త ఊపిరి పీల్చుకున్నాడు. ఆడవాళ్ళ సంగతి మర్చిపోయాడు.

వియ్యపురాలు చిన్నక్క వాకిట్లో ఇరుగుపొరుగు ముత్తయిదువలందరినీ పోగేసి ఉంది. సారె మూటలు నైలాన్ తాళ్ళతో కట్టి వరసగా పెట్టారు. తేజస్వినికి తల నిండా పూలు, చేతుల నిండా గాజులు. హారతి ఇచ్చాక ఆ పిల్ల నేరుగా వచ్చి ముందు తలుపు తీసింది.

"వెనక కూర్చోమ్మా. కాళ్ళు చాపుకోవచ్చు" అన్నాడు శంకరప్ప.

"యాల అన్నా?" చిన్నక్క అడ్డం వచ్చింది. "అమ్మ ఎదురుగా కూర్చునింది కాబట్టే కదా ఈ కడుపు నిలిచింది. కడాకి ఈ పొద్దు తావు మార్చేదా?"

ముత్తయిదువలందరూ అదీ నిజమేనన్నారు. తేజస్విని తండ్రి మొహంలోకి ఒక నిమిషం చూసి, "నేను ముందరే కూర్చుంటా నాయనా" అంది.

నిజం శంకరప్ప నాలుక చివర ఉంది. రాయి, పేలుడు, కడుపు. హారతి పళ్ళెం ఇంకా ఆరకముందే, నిండు చూలాలు గడప దాటే వేళ, ఆ మాటలు అనడానికి నోరు రాలేదు. అంటే జరుగుతుందేమో! ఏ భయమైతే కూతురి ఎదుట రాయిని తెచ్చి పెట్టిందో, ఆ భయమే ఇప్పుడు నోరు నొక్కేసింది. ఎంత జాలిపడదామన్నా ఈ మనిషి మీద కోపం వచ్చేది ఇక్కడే. చూస్తూ చూస్తూ కూతుర్ని ఆ సీట్లో కూర్చోనిచ్చాడు.

ఊరు దాటాక చెబుదామనుకున్నాడు. ఊరు దాటింది. వి.కోట దాటాక చెబుదామనుకున్నాడు. అదీ దాటింది. నోరు తెరిచినప్పుడల్లా ఆ పిల్ల పుట్టబోయే బిడ్డ కబుర్లేవో చెబుతుంది, ఇతను నోరు మూసుకుంటాడు. సీటు వెనక్కి జరుపుకోమన్నాడు. జరుపుకుంది. ఎంత జరిపినా ఆ రాయికీ ఆ కడుపుకీ నడుమ ఎంత దూరముంటుంది? సైకిళ్ళు కూడా దాటిపోయేంత నెమ్మదిగా తోలాడు. వెనక లారీవాళ్ళు హారన్లు కొట్టి తిట్టుకుంటూ పోయారు.

పలమనేరుకు ఇవతల అడవి దారి. ఏనుగులు దాటే చోటు, జాగ్రత్త అని బోర్డు ఉంది. సాయంత్రం ఎండ వెనక చూసే అద్దంలో పడి కళ్ళల్లో కొడుతోంది. మలుపు తిరిగేసరికి ముందు పోతున్న పాల ఆటో ఉన్నపళంగా రోడ్డు మధ్య ఆగిపోయింది. ఆటోకు అవతల, రోడ్డుకు అడ్డంగా ఏనుగు.

శంకరప్ప బ్రేకు మీద లేచి నిలబడినంత పని చేశాడు. చక్రాలు కీచుమన్నాయి. వ్యాను పక్కకు జారి, ఆటో వెనక రేకును తాకీ తాకకుండా ఆగింది. తేజస్విని "అమ్మా!" అని కేక వేసింది. బెల్టు ఆ పిల్లను వెనక్కి పట్టి ఆపింది. ఆ క్షణంలో శంకరప్ప ఎడమ చెయ్యి స్టీరింగు వదిలి పోయింది. పోయి గంగమ్మ మొహం మీద పడి, బలమంతా పెట్టి అమ్మవారిని అద్దం వైపు అదిమి పట్టింది.

ఏనుగు తీరుబడిగా ఒక కొమ్మ విరుచుకుని, నములుతూ అడవిలోకి దిగిపోయింది. పాల ఆటో కదిలి వెళ్ళిపోయింది. శంకరప్ప చెయ్యి మాత్రం అక్కడే ఉంది.

"కదలతాందా తల్లీ?" అన్నాడు.

తేజస్విని రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. అడవిలో ఏదో పిట్ట అరిచింది, ఆగింది. ఆ పిల్ల కనురెప్పలు అదురుతున్నాయి. శంకరప్పకు తన ఊపిరి తనకే భయమేసింది. చాలాసేపటికి ఆ పిల్ల కళ్ళు తెరిచింది. "కదలతాంది" అంది.

తర్వాత తండ్రి చెయ్యి వైపు చూసింది. "నన్ను పట్టుకోకుండా అమ్మను పట్టుకున్నావేంది నాయనా? నువ్వు అమ్మ నుంచి నన్ను కాస్తాండావా?"

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. బండిని రోడ్డు పక్కకు తీసి అంతా చెప్పేశాడు. బొట్టుబిళ్ళ నుంచి టమాటా గింజల దాకా, మూత దాకా, వాకిట్లో మింగేసిన మాట దాకా. మగవాడు కూతురి ముందు ఏడవకూడదంటారు. శంకరప్ప ముక్కు చీదుకుంటూ ఏడ్చాడు.

తేజస్విని ఆ వెండి కళ్ళ వైపు చూసి, చేతులు కడుపుకు అడ్డం పెట్టుకుని, గబగబా తలుపు తీసుకుని దిగింది. దిగి కాసేపు తలుపు పట్టుకుని నిలబడింది. ఎందుకు చెప్పలేదని అరుస్తుందనుకున్నాడు. అరవలేదు.

"వెనక కాళ్ళు చాపుకోవచ్చని నాకు తెలీదా నాయనా? ఈ సీట్లో నాకు నడుము పీకతాంది. నాలుగు నెలల నుంచీ పీకతాంది."

"మరి యాల కూర్చున్నావమ్మా?"

"నీకోసం. పోయిన రెండు సార్లూ నన్ను తీసుకపోతా ఉంటే నీ చేతులు స్టీరింగు మీద వణకతా ఉండె. నా బాధ కంటే నీ చేతులు చూస్తే నాకు దడ. అమ్మను పెట్టినాక, నేను ఆమె ఎదురుగా కూర్చుంటే నీ చేతులు నిలిచినాయి. అందుకని కూర్చున్నా. నాకేం ఆ నమ్మకం లేదు నాయనా. నీకుండాదని ఊరుకున్నా."

కూతురి కోసం తండ్రి రాయిని పెట్టాడు. తండ్రి కోసం కూతురు ఆ రాయికి ఎదురుగా కూర్చుంది. నడుము పీకుతున్నా, నెలల తరబడి, తండ్రి భయానికి ఆ పిల్ల కాపలా కాసింది. ఇంత వయసొచ్చి, ఇన్ని వేల మందిని క్షేమంగా దించి, కన్నకూతుర్ని కూర్చోబెట్టింది ఎక్కడ! సిగ్గుతో అతని తల వాలిపోయింది.

"తీసేద్దాం నాయనా" అంది తేజస్విని.

"అమ్మకు కోపమొస్తే?"

"జాతర అయినాక ఏటేటా అమ్మను నీళ్ళకు పంపేది మనమే కదా? పీకినామని ఏడుస్తామా? పోయిరా తల్లీ అని సాగనంపతాము. ఇదీ అంతే."

శంకరప్ప గంగాధర్ చేసినట్టే బ్యాటరీ వైరు పీకాడు. ఆగాడు. కూతుర్ని వెనక సీట్లో కూర్చోబెట్టి, తలుపులు మూసి, ఏనుగు పోయిన వైపే చూస్తూ గంగాధర్ కంటే ఎక్కువసేపే ఆగాడు. సారె మూటకు కట్టిన నైలాన్ తాడు విప్పి, ఒక్క పోగు పీకి, రెండు చేతులకూ చుట్టుకున్నాడు. "పోయిరా తల్లీ" అన్నాడు. వెనక నుంచి తేజస్విని కూడా అంది. పోగు గమ్ములోకి దిగింది. అరచేతులు కోసుకుపోయాయి. ఒకసారి పోగు తెగింది, ఇంకోటి పీకాడు. మూత ఎక్కడ ఎగిరి మొహాన పడుతుందోనని ప్రతి లాగుకూ కళ్ళు మూసుకున్నాడు. చివరికి టప్పుమని ఊడి అమ్మవారు అతని చేతుల్లోకి వచ్చింది. ఆకాశం విరిగి మీద పడలేదు. గాలి కూడా వీచలేదు. తేజస్విని రవిక గుడ్డలో చుట్టి అమ్మవారిని కాళ్ళ దగ్గర, బియ్యం మూట పక్కన పడుకోబెట్టింది.

బ్యాటరీ తగిలించి తాళం తిప్పాడు. ఎర్ర లైటు వెలిగి ఆరిపోయింది. డ్యాష్‌బోర్డు మీద గమ్ము మరక, పక్కన ఖాళీ సీటు. ఎదురుగా ఇంకా బోలెడు దారి ఉంది. పొద్దు వాలుతోంది, అడవి దాటాలి, లారీలు వస్తుంటాయి. రాయి పోయింది కానీ శంకరప్ప భయం ఎక్కడికి పోతుంది? ఇప్పుడు దాని ముందర అడ్డం పెట్టుకోవడానికి ఏమీ లేదు.

అద్దంలో కూతురి కళ్ళు అతని చేతుల మీదే ఉన్నాయి.

"వణకతాండాయా నాయనా?"

లేదమ్మా అనబోయాడు. ఎప్పుడూ అనే మాటే.

"వణకతాండాయి తల్లీ" అన్నాడు. "శానా భయంగా ఉండాది."

"నాకూ భయంగానే ఉండాది" అంది తేజస్విని, బెల్టు సరిచేసుకుంటూ. "పోనీ నాయనా, మెల్లింగా పోదాం."